ఇంజన్ మార్చాల్సిన పని లేదు

స్వర్ణలత పదకొండేళ్లు ఇంజన్లు విప్పి బిగించింది. ఆ పదకొండేళ్లలో ఒక్క జాబ్ కార్డు మీద కూడా ఆమె పేరు లేదు.

ఆమె పనిచేసిన సర్వీస్ సెంటర్ తిరుమలగిరి దాటాక పెద్ద రోడ్డు మీద ఉంది. చిన్న ట్రక్కులు, వ్యాన్లు వస్తుంటాయి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి, క్లాసు మొత్తంలో ఒక్కతే అమ్మాయిగా పాసై, కొన్నేళ్ల తర్వాత మెకానిక్ ఉద్యోగం ఉందంటే అక్కడికి వెళ్లింది. వాళ్లు ఆమె సర్టిఫికెట్ చూసి, ఆమెను చూసి, ముందు గదిలో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. మెడలో ‘కస్టమర్ రిలేషన్స్’ అని కార్డు వేశారు. బండి తెచ్చినవాళ్లకు నమస్కారం పెట్టడం, టీ ఇప్పించడం, బండి ఎప్పుడిస్తారో చెప్పడం ఆమె పని.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం లోపల ఇద్దరు మెకానిక్‌లు సెలవులో ఉన్నారు. సీనియర్ మెకానిక్ దయాకర్‌కు చేతులు చాలక, తలుపులోంచి తల బయటికి పెట్టి, “డిప్లొమా చేసినవంట గదా, జెర వచ్చి ఈ ఇంజన్ హెడ్ పట్టుకో” అన్నాడు. వెళ్లి పట్టుకుంది. ఇక ఆ పని వదల్లేదు. పొద్దున రెండు గంటలు కౌంటర్లో ఉండేది, తర్వాత అప్రాన్ కట్టుకుని లోపలికి పోయేది. దయాకర్ దాచుకోకుండా నేర్పాడు. ఐదారేళ్లు గడిచాక అతనికే అనుమానం వస్తే “స్వర్ణా, ఒక్కసారి విను” అని పిలిచేవాడు.

బండి బండికీ పని వివరాలు రాసే జాబ్ కార్డులో ‘పని చేసినవారు’ అన్న గడిలో మాత్రం దయాకర్ పేరో, ఇంకో మగవాడి పేరో రాసేవారు. ఆమె మేనేజర్ రాఘవేందర్‌ను రెండుసార్లు అడిగింది.

“పేరుతోటి ఏం చేస్కుంటవ్ స్వర్ణా? పని నేర్చుకుంటున్నవ్, జీతమొస్తున్నది. ఆడమనిషి ఇంజన్ విప్పిందంటే కస్టమర్ పరేషాన్ అయితడు” అన్నాడు రాఘవేందర్. మూడోసారి ఆమె అడగలేదు. అంతమాత్రాన మరిచిపోనూ లేదు.

మెట్టుగూడలో రెండు గదుల ఇంట్లో తల్లి లచ్చమ్మతో ఉండేది. పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, “అయిపోయింది గదా” అని మాట మార్చేది. లచ్చమ్మకు కూతురి విడాకుల కన్నా కూతురి గోళ్ల బాధ ఎక్కువగా ఉండేది. “ఎంత తోమినా ఆ నలుపు పోదేందే? ఆ చేతులతోటి అన్నం ఎట్ల తింటవే?” అని రోజూ సణిగేది. “నోటితోటి తింట” అనేది స్వర్ణలత.

ఆమె ముప్పై ఎనిమిదో ఏట, ఫిబ్రవరి నెలలో ఒక సోమవారం, జ్ఞానశేఖర్ మాస్టారు ఆ సర్వీస్ సెంటర్‌కు తన చిన్న ట్రక్కు తీసుకొచ్చారు.

జ్ఞానశేఖర్ ఒక మిషన్ స్కూల్లో ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. గుంటూరు జిల్లా నుంచి కుర్రతనంలోనే వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన మనిషి. ఆయన భార్య ప్రేమమణికి పద్మారావు నగర్‌లో చిన్న బేకరీ ఉంది. రిటైరైన మర్నాటి నుంచే ఆమె ఆయన్ని డ్రైవర్‌గా పెట్టుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బ్రెడ్డు, బన్నులు, రస్కులు ట్రక్కులో సర్దుకుని కంటోన్మెంట్ వైపు దుకాణాలన్నిటికీ వేసి, ఏడింటికి ఇంటికొచ్చి టిఫిన్ తినేవారు. ట్రక్కు నాలుగేళ్ల పాతది. గ్యాస్ మీద నడుస్తుంది. కంపెనీ చెప్పిన ప్రతి సర్వీసూ తప్పకుండా ఇదే సెంటర్లో చేయించారు.

ఆయన కౌంటర్ మీద ఒక చిన్న నోటు పుస్తకం పెట్టారు.

“అమ్మా, బండి చప్పుడు చేస్తోంది. ఎప్పుడెప్పుడు చేస్తోందో రాశాను. మీకేమైనా పనికొస్తుందేమో చూడండి.”

స్వర్ణలత చదివింది. ‘పొద్దున మొదటిసారి స్టార్ట్ చేస్తే గలగల, డబ్బాలో రాళ్లు ఊపినట్టు. నాలుగు సెకన్లు. తర్వాత ఆగుతుంది. బండి వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు టక్, టక్, టక్. కొంచెం యాక్సిలరేటర్ తొక్కితే మాయం. బరువు వేసినా, వేయకపోయినా ఒకటే.’ ఇలా మూడు వారాల వివరాలు తేదీల వారీగా ఉన్నాయి.

ఆమెకు నవ్వొచ్చింది. పదకొండేళ్లలో ఏ కస్టమరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు. “సార్, మీరు సగం పని చేసుకొనే వచ్చిన్రు” అంది.

ఆమె అప్రాన్ కట్టుకుని వచ్చేలోపే రాఘవేందర్ బండి దగ్గరికి వెళ్లాడు. సీటు ఎత్తించి, ఇంజన్ నడిపించి, అర నిమిషం విన్నాడు. “బేరింగులు పోయినయ్ సార్. లోపల మొత్తం అరిగిపోయింటది. ఇంజన్ మార్చాలె. ఇట్లనే తిప్పితే రోడ్డు మీద ఆగుతది, ఇంక మీ ఇష్టం” అన్నాడు.

మాస్టారి ముఖం పాలిపోయింది. ఇంజన్ మార్చడమంటే ఆ బేకరీ మోయగల భారం కాదు.

స్వర్ణలత వెనక నిలబడి అంతా విన్నది. దయాకర్ పక్క బండి కింద ఉన్నాడు. అతనూ విన్నాడు. ఆమె ముందుకొచ్చింది.

“ఇంజన్ మార్చాల్సిన పని లేదు సార్. ఇది బేరింగ్ చప్పుడు గాదు.”

రాఘవేందర్ తిరిగి చూశాడు. “స్వర్ణా, నువ్వు కౌంటర్‌కు పో.”

“పోత సార్. ఒక్క నిమిషం ఇంజన్ బంద్ చేయొద్దు.” ఆమె వంగి, ఇంజన్‌లోని నాలుగు సిలిండర్లకు కరెంటు వెళ్లే వైర్లను ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ పెట్టింది. ప్రతిసారీ ఇంజన్ కుంటింది కానీ, టక్ టక్ మాత్రం అలాగే ఉంది. “బేరింగ్ పోతే, ఆ సిలిండర్ ఆపంగనే చప్పుడు తగ్గాలె. తగ్గలే. ఇప్పుడు ఇది చూడున్రి.” పైన మూత పక్కన ఉన్న చిన్న ప్లగ్గు ఒకటి ఊడదీసింది. టక్ టక్ సన్నబడి, దాదాపు ఆగిపోయింది.

మాస్టారు ముందుకు వంగారు. “అదేమిటమ్మా మీరు తీసింది?”

“సార్, కింద పిస్టన్లతోటి క్రాంక్ తిరుగుతది, పైన వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ తిరుగుతది. రెండిటికి మధ్యల సైకిల్ చైన్ లెక్క ఒక చైన్ ఉంటది, టైమింగ్ చైన్. అది వదులు గాకుండ టెన్షనర్ అని ఒకటి ఆయిల్ ఒత్తిడితోటి నొక్కి పడుతది. రాత్రంత బండి నిలబడితే ఆయిల్ కిందికి జారుతది. పొద్దున స్టార్ట్ చేయంగనే ఆ నాలుగు సెకన్లు చైన్ ఊగుతది. మీ గలగల అదే. ఇగ క్యామ్ షాఫ్ట్ కొసకు ఫేజర్ అని ఒక బిళ్ల ఉంటది. వేగాన్ని బట్టి వాల్వులు జెర ముందో వెనకో తెరుచుకునేటట్టు అది తిప్పుతది. అది సుత ఆయిల్ ఒత్తిడి మీదనే. ఒత్తిడి సరిపోకపోతే లోపల కొట్టుకుంటది. మీ టక్ టక్ అది. నేను తీసింది ఆ ఫేజర్‌కు ఆయిల్ వదిలే వాల్వు ప్లగ్గు.”

“అయితే ఒత్తిడి ఎందుకు సరిపోవట్లేదు?” ఫిజిక్స్ మాస్టారు కదా, అసలు ప్రశ్న అడిగారు.

స్వర్ణలత రాఘవేందర్ వైపు చూసింది. ఇక్కడ ఆగిపోయి ఉంటే ఆమె ఉద్యోగం ఉండేదేమో.

“ఈ ఇంజన్‌కు పల్చటి ఆయిల్ పోయాలని బుక్కులనే ఉన్నది సార్. ఇక్కడ అన్ని బండ్లకు ఒకటే డ్రమ్ములకెల్లి చిక్కటిది పోస్తున్నరు. అది సన్న దారులల్ల ఎక్కదు, పేరుకుంటది. నేను రెండుసార్లు రాసిచ్చిన.”

షెడ్డులో స్పానర్ల చప్పుడు ఆగిపోయింది. ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా ఇటు తిరిగారు. రాఘవేందర్ గొంతు తగ్గించాడు. అరిచేటప్పటి కన్నా అది అధ్వాన్నంగా వినిపించింది. “ఆఫీసులకు రా.”

ఆఫీసులో ఆమె ముందు ఒక తెల్ల కాగితం పెట్టాడు. “తెలియక మాట్లాడిన, నాది కౌంటర్ పని, టెక్నికల్ విషయాలు నాకు తెల్వదు అని రాసి సంతకం పెట్టు. ఆ మాస్టర్ సాబ్‌కు చూపించి మాట్లాడుకుంట. లేకుంటే రేపటి సంది రావొద్దు.”

ఆమె పెన్ను తీసుకుంది. చాలాసేపు రాసింది. రాఘవేందర్ కాగితం తిప్పుకుని చూశాడు. ఆ కాగితం మీద బండి నంబరు, చప్పుడు వివరం, చేసిన రెండు పరీక్షలు, చైన్, అది జారే గైడ్లు, టెన్షనర్ మార్చాలన్న సలహా, పోయాల్సిన ఆయిల్ గ్రేడు ఉన్నాయి. కింద సంతకం, దాని కింద ‘స్వర్ణలత, టెక్నీషియన్’.

“ఇది ఏందీ?”

“జాబ్ కార్డు సార్. నా పేరు మీద మొదటిది. ఫైల్ల పెట్టున్రి.”

మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. షెడ్డులోంచి నడుస్తుంటే దయాకర్ బండి కింది నుంచి లేచి నిలబడి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నేల వైపు చూస్తున్నాడు. ఆ పూట రాఘవేందర్ అన్న మాటల కన్నా దయాకర్ అనని మాట ఆమెను ఎక్కువ కోసింది.

గేటు బయట మాస్టారు ట్రక్కు పక్కన నిలబడి ఉన్నారు.

“మీకోసమే ఆగానమ్మా. నా మూలంగా మీ ఉద్యోగం పోయినట్టుంది.”

“మీ మూలంగ గాదు సార్. ఎన్నడో పోవాల్సింది.”

“మరి మా బండి మీరు బాగుచేస్తారా?”

“నాకు షెడ్డు లేదు సార్. లిఫ్ట్ లేదు. సామాన్లు కొన్ని ఉన్నయి, అంతే.”

“మా బేకరీ వెనక రేకుల షెడ్డు ఉంది. మిగతా సంగతి మా ఆవిడని అడగాలి” అన్నారు మాస్టారు.

ప్రేమమణి అంతా విని, స్వర్ణలతను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. “నాలుగు రోజులు బ్రెడ్డు ఆటోల్లో పంపుకుంటాను. కానీ అమ్మాయ్, పిండి బస్తాల మీద గ్రీజు మరక పడిందంటే నిన్నూ ఆయన్నీ కలిపి ఓవెన్లో పెడతాను” అంది. స్వర్ణలత పెద్దగా నవ్వింది. సెంటర్ ఆఫీసులోంచి బయటికొచ్చాక నవ్వడం అదే మొదలు.

ఇంట్లో లచ్చమ్మ మాత్రం నవ్వలేదు. “రెండు ముక్కలు మాఫీ రాసిస్తే ఏం పోతుండె? పదకొండేండ్ల నౌకరి!”

“రాసిస్తే పదకొండేండ్లు పోతుండెనే అమ్మా. ఇప్పుడైతే నౌకరొక్కటే పోయింది.”

మంగళవారం పొద్దున పని షురూ చేసింది. రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగి చైన్, గైడ్లు, టెన్షనర్ అసలైనవి తెచ్చింది. ఆయిల్ దించింది. చల్లారబెట్టిన టీలా కాదు, కరిగిన తారులా దిగింది. పైన మూత, ముందు కవరు విప్పింది. చైన్‌ను వేలితో నొక్కితే వేలంత లోతుకు దిగింది. చైన్ జారే ప్లాస్టిక్ గైడ్లలో ఒకటి మధ్యకు విరిగి, కింది కొస లేదు. మాస్టారు స్టూలు వేసుకుని కూర్చుని, అడిగినప్పుడల్లా స్పానర్ అందిస్తూ, అడగనప్పుడు ప్రశ్నలు అందిస్తూ ఉన్నారు.

చైన్ తీసేముందు క్యామ్ షాఫ్టులు కదలకుండా బిగించి పట్టడానికి ఒక పలక కావాలి. సెంటర్లో కంపెనీ ఇచ్చినది ఉంది. ఆమె దగ్గర లేదు. ఎలా చేయాలా అని చూస్తుండగా, బుధవారం మధ్యాహ్నం దయాకర్ సంచితో షెడ్డులోకి వచ్చాడు. సంచిలోంచి తాను ఇంట్లో ఇనుప ముక్క కోసి, రంధ్రాలు వేసి తయారుచేసుకున్న పలక తీశాడు.

“రికార్డుల మాస్టర్ సాబ్ అడ్రస్ చూసి వచ్చిన. ఇది కంపెనీది గాదు. నాది. నీకు కావాలని తెచ్చిన.”

స్వర్ణలత పలక తీసుకోలేదు. “మొన్న నోరు ఎందుకు తెరవలే అన్నా?”

దయాకర్ పలకను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. “భయమైంది. ఇంక ఆరేండ్లు నౌకరి ఉన్నది. గంతే.”

“నాకు భయం కాలేదనుకున్నవా?”

“కాలేదనుకోలే. నువ్వు భయపడుకుంట కూడ చెప్పినవ్. నేను చెప్పలే.”

ఆమె పలక తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. అతను వంగి, విప్పిన భాగాలను చూశాడు. విరిగిన గైడ్ చేతిలోకి తీసుకున్నాడు. “ఈ కింది ముక్క ఏది?”

“ఆయిల్‌తోటి బయటికి పోయింటది.”

“చూసినవా?”

“అన్నా, నాకు తెల్సు. నువ్వు ఇగ పోవచ్చు.”

దయాకర్ వెళ్లిపోయాడు. పలక మాత్రం అక్కడే ఉంచాడు.

గురువారం సాయంత్రానికి కొత్త చైన్ ఎక్కింది. చైన్‌లో రంగు వేసిన లంకెలు పళ్ల చక్రాల మీది గుర్తులకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసింది. పాత ఫేజర్ తుడిచి, చేత్తో తిప్పి చూసి, పర్వాలేదనుకుని దాన్నే బిగించింది. స్టార్ట్ చేయకముందు స్పానర్‌తో క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు మెల్లగా తిప్పింది. ఒక్క పన్ను తప్పినా వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయని మాస్టారికి చెప్పింది. ఎక్కడా పట్టేయలేదు. పల్చటి కొత్త ఆయిల్ పోసింది.

శుక్రవారం తెల్లవారుజామున, రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేశారు. గలగల లేదు. మాస్టారు వేళ్లతో సెకన్లు లెక్కపెట్టి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ప్రేమమణి వేడి బన్ను తెచ్చి స్వర్ణలత చేతిలో పెట్టింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. పదిహేను నిమిషాలకు వేడెక్కింది.

టక్. టక్. టక్.

స్వర్ణలత చేతిలోని బన్ను పక్కన పెట్టింది. ఆమెకు ముందు గుర్తొచ్చింది ‘ఆడమనిషి ఇంజన్ విప్పిందంటే’ అన్న మాట. అటు తర్వాత దయాకర్ అడిగిన ప్రశ్న.

మాస్టారు మెల్లగా, “మొదటి చప్పుడైతే పోయింది కదమ్మా. ఇది అంత ఇబ్బందేం కాదులే, తిప్పుకుంటాను” అన్నారు.

“లేదు సార్. తప్పు నాది.” ఆమె ఇంజన్ ఆపేసింది. “ఒకాయన నన్ను ఒక మాట అడిగిండు. ఆయన మీద కోపంతోటి వినలే. మళ్ల విప్పుత. ఈసారి కింద ఆయిల్ చాంబర్ సుత విప్పుత. ఆటోలకు ఇంక మూడు రోజులు చెప్పుకోవాలె, మాఫ్ చేయున్రి.”

ప్రేమమణి పక్కన పెట్టిన బన్ను తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టింది. “నా మొదటి ఏడాది బ్రెడ్డు ఇటుకల్లా వచ్చేదమ్మాయ్. ఈయన తిని బాగుందనేవారు. అబద్ధమాడొద్దని మూడు నెలలు ఈయనకి బ్రెడ్డే పెట్టలేదు. నువ్వు విప్పు” అని లోపలికి వెళ్లిపోయింది.

స్వర్ణలత ఫోన్ తీసి దయాకర్‌కు చేసింది. “అన్నా, ఆ ముక్క బయటికి పోలే. లోపలనే ఉన్నది. నువ్వు చెప్పింది వినకపోతి.”

“ఆదివారం వస్తున్న” అన్నాడు.

ఆదివారం మాస్టారు దంపతులు చర్చికి వెళ్లాక, వాళ్లిద్దరూ ట్రక్కు కిందికి దూరి ఆయిల్ చాంబర్ దించారు. పంపు ఆయిల్‌ను పీల్చే గొట్టం మూతికి ఒక సన్నటి ఇనుప జాలి ఉంటుంది. ఆ జాలిలో విరిగిన గైడ్ ముక్క, ఇంకో నాలుగు చిన్న పెంకులు, వాటి చుట్టూ పేరుకున్న నల్లటి జిగురు. సగానికి పైగా మూసుకుపోయింది. పంపు ఎంత పీల్చినా పైకి ఆయిల్ సరిగా అందడం లేదు. ఫేజర్‌కు ఆయిల్ వదిలే వాల్వులోని చిన్న జల్లెడ కూడా అలాగే ఉంది. ఫేజర్ విప్పి చూస్తే, దాన్ని కదలకుండా పట్టే మేకు కూర్చునే రంధ్రం గుండ్రంగా లేదు, కొట్టుకుని కొట్టుకుని కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది.

“ఈ ఫేజర్ నేను మంచిగనే ఉందనుకున్న” అంది స్వర్ణలత.

“చేతికి తెల్వదు. నాకైనా తెల్వకపోతుండె” అన్నాడు దయాకర్.

ఇది ఓదార్పు అని ఆమెకు తెలుసు. ఈసారి తీసుకుంది.

సోమవారం రాణిగంజ్‌లో ఒక దుకాణదారు ఫేజర్ డబ్బా తీసి ఇచ్చాడు. పైన ముద్ర సరిగ్గానే ఉంది. తెరిచి చూస్తే పళ్ల అంచులు గరుకుగా ఉన్నాయి. “ఇది డూప్లికేట్” అంది. “మేడమ్, ఎవ్వలు తెలుసుకుంటరు?” అన్నాడు అతను. “నేను తెలుసుకున్న గదా” అని డబ్బా కౌంటర్ మీద పెట్టి, ఇంకో మూడు దుకాణాలు తిరిగి అసలుది తెచ్చింది. దాని బోల్టు కూడా కొత్తదే తెచ్చింది. ఒకసారి బిగిస్తే సాగిపోయే బోల్టు అది, మళ్లీ వాడకూడదు.

జాలి కడిగింది. ఆయిల్ దారులన్నీ గాలి కొట్టించి శుభ్రం చేసింది. అన్నీ మళ్లీ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు చూసి, ఇంజన్ స్టార్ట్ కాకుండా వైర్లు తీసేసి కాసేపు తిప్పింది. పైదాకా ఆయిల్ ఎక్కాకే స్టార్ట్ చేసింది.

గంటసేపు నడిపారు. మాస్టారు పద్మారావు నగర్ సందులన్నీ తిప్పి తెచ్చారు. బేకరీ ముందు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే కిందికి దిగి, చెవి పెట్టి విన్నారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఏమీ లేదమ్మా” అన్నారు. ఆ మాటే ఇంకోసారి అన్నారు.

ఆ వారంలోనే స్వర్ణలత సర్వీస్ సెంటర్‌కు వెళ్లింది, మాస్టారి ట్రక్కులోనే. పొద్దున పదకొండింటికి, కస్టమర్లు ఎక్కువగా ఉండే వేళ చూసి వెళ్లింది. కౌంటర్లో కొత్తగా వచ్చిన అమ్మాయి రజిత లేచి నమస్కారం పెట్టింది. స్వర్ణలత గుమ్మం ముందు ట్రక్కు ఆపించి, సీటు ఎత్తించి, ఇంజన్ నడుస్తుండగా వదిలేసి, లోపలికి పోయి రాఘవేందర్‌ను పిలిచింది.

అతను బయటికొచ్చి విన్నాడు. చాలాసేపు విన్నాడు. అతను మెకానిక్ కానివాడేం కాదు.

“మంచిగ చేసినవ్” అన్నాడు చివరికి. “కోపంల ఏదో అన్న. ఆ డ్రమ్ము మార్పించిన. మళ్ల వచ్చి జాయిన్ అవ్వు.”

“ఏ పేరు మీద సార్?”

“ఏ పేరు ఏందీ? మునుపటి లెక్కనే.”

“అట్లైతే వద్దు. నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాలె. పదకొండేండ్లు టెక్నీషియన్‌గ చేసిందని.”

“రికార్డుల లేనిది ఎట్ల ఇస్త? రికార్డుల నువ్వు కస్టమర్ రిలేషన్స్.”

“రికార్డు మీరు రాసింది. పని నేను చేసింది.”

“కుదరదు స్వర్ణా.”

“కుదురుతదో కుదరదో లేబర్ ఆఫీసుల చూద్దాం సార్.” ఆమె వెనక్కి తిరిగేటప్పుడు గుమ్మంలో రజిత నోరు తెరుచుకుని చూస్తోంది. స్వర్ణలత ఆమె దగ్గర ఆగి, “ఏం చదివినవమ్మా?” అని అడిగింది. “ఐటీఐ అక్కా. డీజిల్ మెకానిక్” అంది ఆ అమ్మాయి చాలా మెల్లగా. “లోపలికి పిలిస్తే పో. కానీ ఫస్ట్ రోజే కార్డు మీద నీ పేరు రాయించుకో” అని చెప్పి స్వర్ణలత ట్రక్కు ఎక్కింది.

ఏప్రిల్‌లో తిరుమలగిరిలో ఒక మూసేసిన టైర్ల దుకాణం అద్దెకు తీసుకుంది. బోర్డు మీద తన పేరు, ఇంజన్ పని అని రాయించింది, అంతే. మొదటి నెల ఎక్కువగా వచ్చింది మాస్టారు బ్రెడ్డు వేసే దుకాణాల వాళ్లే. దించాల్సిన బ్రెడ్డు దించుతూ మాస్టారు ప్రతిచోటా ఆమె సంగతి చెప్పేవారు. కొందరు వచ్చి, లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూసి వెళ్లిపోయేవారు. కొందరు ఆగేవారు. ఆగినవాళ్లు మళ్లీ వచ్చారు. లచ్చమ్మ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చి, కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లతో “నా బిడ్డనే చేస్తది” అని, వాళ్లు అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. గోళ్ల సంగతి ఎత్తడం మానలేదు కానీ.

లేబర్ ఆఫీసులో అర్జీ విచారణ జులైలో మొదలైంది. సెంటర్ తరఫున వచ్చిన వకీలు ఆమె కౌంటర్ ఉద్యోగి మాత్రమేనని కాగితాలు చూపించాడు. అధికారి ఆమెను అడిగాడు, “మీరు లోపల పని చేశారనడానికి సాక్షులున్నారా?”

స్వర్ణలత జవాబు చెప్పబోయేలోగా వెనక బెంచీ మీదినుంచి దయాకర్ లేచాడు. అతను వస్తాడని ఆమెకు తెలియదు. పొద్దున సెలవు చీటీ కూడా పెట్టకుండా వచ్చాడు. యూనిఫారం జేబు మీద కంపెనీ ముద్రతో అలాగే నిలబడ్డాడు.

“నేనున్న సార్. ఆ పదకొండేండ్ల జాబ్ కార్డులల్ల సగం నా పేరు మీద ఉన్నయి. ఆ సగంల సగం పని ఈమె చేసింది. నా పేరు కొట్టేసి ఈమె పేరు రాసుకోన్రి. నేను సంతకం పెడత.”

వకీలు అభ్యంతరం చెప్పాడు. అధికారి ఏదో రాసుకుని, దయాకర్ వాంగ్మూలం తీసుకుని, ఆగస్టులో ఒక తేదీ ఇచ్చాడు. కేసు ఇంకా తేలలేదు. తేలడానికి ఇంకో రెండు మూడు తేదీలు పడతాయని అక్కడి గుమాస్తా చెప్పాడు. దయాకర్‌ను మర్నాడు వేరే షిఫ్టుకు మార్చారు. అతను మార్పించుకోలేదు, వాళ్లే మార్చారు. అయినా వచ్చే తేదీకీ వస్తానన్నాడు.

ఆ రోజు విచారణ అయ్యాక, ఆమెకు తోడుగా వచ్చిన మాస్టారు వరండాలో, “కాసేపు కూర్చుని టీ తాగుదామమ్మా, అలసిపోయి ఉంటారు” అన్నారు.

“వద్దు సార్, ఇంకో రోజు” అంది స్వర్ణలత. అప్పటికే మెట్లు దిగుతోంది. “పాల వ్యాన్‌ది ఇంజన్ హెడ్ విప్పి పెట్టి వచ్చిన. గుడ్డ కప్పిన కానీ, దుమ్ము పడకముందే పోవాలె.”